తూర్పు గోధుమ

గుంతకల్లు రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీ మూసేసినప్పుడు
పుస్తకాలన్నీ తూకానికి పోయినాయి.
తొమ్మిది వందల పేజీల ఈ నవల
కిలోకు నూరు గ్రాములు తక్కువ తూగింది.
"దీన్ని ఎవరూ దాటలేదబ్బా,
నలభయ్యో పేజీ కాడ్నే అందరూ దిగిపోయినారు"
అన్నాడు కాటా పట్టిన గౌస్ మొయిద్దీన్.
రెండుసార్లు ఆ చివరి దాకా పోయొచ్చింది నేనేనని
చెప్పలేదు. చిల్లర తీసుకున్నా.

మొదటిసారి చదివింది నంచర్ల వైపు గేటు గుడిసెలో,
బండికీ బండికీ నడుమ.
మన వాక్యానికి క్రియ గార్డు పెట్టెలో ఉంటుంది,
ఎంత పొడుగైనా చివర ఎర్రదీపం కనబడితే
హమ్మయ్య, పోయిందనుకుంటాం.
వాళ్ళ క్రియ ఇంజను వెనకాలే దాటిపోతుంది.
ఆ తర్వాత పెట్టెలు, పెట్టెలు, కామాలు, మళ్ళీ పెట్టెలు.
యాభై ఎనిమిది లెక్కబెట్టినాక
అసలు ఏం పోయిందో మర్చిపోయేవాణ్ణి.

కథ రేవు పట్నంలో. ధాన్యం వర్తకుడి ఇల్లు.
తండ్రి లెక్కలు రాసే కూతురు.
ఆమె ఇంటికి ఒక కజిన్ వస్తాడు.
కజినంటే మేనబావో పెదనాయన కొడుకో
ఆ రాసినోడు చెప్పడు!
తలెత్తి చూస్తే తప్పో కాదో తెలీక
అరవై పేజీలు ఆమె కోసం నేను భయపడినా.
చలి వర్ణన వచ్చినప్పుడల్లా దాటేసినా.
మే నెల, రేకుల గుడిసె,
మంచు గురించి మూడు పేజీలు ఎవడు చదువుతాడు?

రెండోసారి సస్పెన్షన్‌లో.
గేటు కాడ ఎద్దులబండి గుద్దుకున్న ఏడు.
నాలుగు నెలలు అరజీతం, ఇంట్లో ఉత్త సంగటి.
అప్పుడు కనిపెట్టినా, కథ చెప్పేవాడు అబద్ధాలాడుతున్నాడని.
ఉత్తరం కాలిపోయిన రాత్రి గురించి
"నేను చూడలేదు" అని మూడుచోట్ల అంటాడు.
చూడనివాడు ఒకసారే అంటాడు.
ఎంక్వయిరీలో నేనూ మూడుసార్లే అన్నా.
ఆ పేజీల్లో పక్కన టిక్కులు పెట్టినా.
ఎవరికీ చూపించలేదు.

ఇప్పుడు మూడోసారి.
కంటి ఆపరేషనయింది, తొందర లేదు,
మంచు కూడా చదువుతున్నా.
నడుమ పన్నెండు పేజీల్ని చెదలు
నాకంటే ముందే అడ్డంగా చదివిపోయింది.
దాని పక్కనే, రెండుసార్లూ నేను తొక్కుకుంటా పోయిన
చిన్న వాక్యం:
ఆ చలికాలం తూర్పు గోధుమ చవగ్గా దిగిందని,
నాన్న ముఖంలో రంగు వచ్చిందని
కూతురు డైరీలో రాసుకుంటుంది.
పైన తేదీ ఉంది.
వేళ్ళు మడిచి లెక్కేసినా.
ఇంకోసారి లెక్కేసినా.

దాత కరువు.

మా జేజి చెప్పేది, వాళ్ళ జేజి మాటగా:
నాగజెముడు పండ్లు తిని నోరంతా ఎర్రగా,
కట్టమీద కంకర కొడితే పూటకింత గింజలు,
చంటిపిల్ల గోనెలో,
పక్కనించే రైలు పోయేదంట మూటలేసుకుని.
"యాటికి పోతాదో మాకెవురు చెప్తారప్పా" అనేది.
ఇదిగో జేజీ, యాటికో.
మూడు వందల పదమూడో పేజీకి.

పుస్తకం మూసేయాల. మూయలేదు.
ఆ పిల్లకు పందొమ్మిదేండ్లు,
దీపం కింద అంకెలు రాస్తోంది,
ఆ అంకెల్లో మా వాళ్ళున్నారని ఆమెకేం తెలుసు?
తెలుసేమో. రాసినోడికి తెలుసేమో,
అందుకే అంత చిన్న వాక్యం చేసినాడేమో.
ఈ మనిషి మాట నమ్మొద్దని
నా టిక్కులే నాకు చెప్తున్నాయి.

పక్కన పెన్సిలుతో "దాత" అని రాసినా.
అక్షరం రొంత వణికింది.

తర్వాతి వాక్యంలో ఆమెకు కొత్త చేతితొడుగులొస్తాయి.
ఏదో పసుపు. ఆ ఇంగ్లీషు మాట పక్కన
ఇరవై నాలుగేండ్లప్పుడు నేను రాసుకున్నది
ఇంకా ఉంది: మెంతుల రంగు.
రబ్బరు చేతిలోనే ఉంది.
చెరపలేదు.